తాగి తెచ్చుకున్న జబ్బుకు బిల్లు ఎవరు కట్టాలి?

ఈసారి ఉత్తరం రాసినావిడ ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రభుత్వ ఏరియా ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. వయసు నలభై దాటింది. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి సంగతులు కుదించి ఇస్తున్నాను.

ఆవిడ చాలా ఏళ్లుగా మగవాళ్ల మెడికల్ వార్డులో పనిచేస్తున్నారు. ఏ రోజు చూసినా వార్డులో తాగుడు వల్ల కాలేయం చెడినవాళ్లే ఎక్కువట. కామెర్లు, పొట్టలో నీరు, రక్తపు వాంతులు. "కాస్త తేరుకోగానే డిశ్చార్జి చేస్తాం. రెండు నెలలు తిరక్కముందే మళ్లీ అదే మనిషి. వాంతులు శుభ్రం చేయించేది మేము, బూతులు పడేది మేము. మొన్న డెంగీతో వచ్చిన కాలేజీ కుర్రాడికి మంచం లేక వరండాలో స్ట్రెచర్ మీదే సెలైన్ పెట్టాను" అని రాశారు. ఇదంతా చూసి ఆవిడ ఒక అభిప్రాయానికి వచ్చారు. చేజేతులా తెచ్చుకున్న జబ్బులకు ప్రభుత్వం ఉచితంగా వైద్యం చేయకూడదు, కనీసం సగం ఖర్చయినా వాళ్ల దగ్గర వసూలు చేయాలి. ఈ మాట ఆసుపత్రిలోనూ, ఇంట్లోనూ చాలాసార్లు గట్టిగానే అన్నారట.

పోయిన నెల ఆవిడ సొంత అన్నయ్య అదే వార్డులో చేరారు. లారీ మెకానిక్, యాభై ఇంకా నిండలేదు. లివర్ సిర్రోసిస్, అంటే కాలేయం గట్టిపడి పనిచేయకుండా పోయే జబ్బు. పొట్ట నిండా నీరు, కళ్లు పచ్చబడ్డాయి. ఆయన చేరిన రెండు రోజులకు పక్క మంచం పేషెంటు తాలూకు మనుషులు తాగొచ్చి గొడవ చేశారు. విసిగిపోయిన ఈవిడ "తాగి తెచ్చుకున్న ప్రతివాడికీ బిల్లు వేస్తే గానీ వీళ్లకు బుద్ధి రాదు" అన్నారు. వెనక్కి తిరిగేసరికి ఫ్లాస్కు పట్టుకుని వదిన నిలబడి ఉంది. ఆ రోజు నుంచి వదిన ఆవిడతో మాట్లాడటం లేదు. ఏం కావాలన్నా వేరే నర్సును అడుగుతోంది.

అమ్మేమో "నీకు గవర్నమెంటు జీతం వస్తోంది కదే, వాణ్ణి విజయవాడ తీసుకెళ్లి పెద్దాసుపత్రిలో చూపించు" అని రోజూ ఏడుస్తోంది. భర్త మాత్రం "లోను పెట్టి మూడు లక్షలు పోస్తే లేచి మళ్లీ వైన్ షాపుకే పోతాడు, ఒక్క రూపాయి ఇవ్వొద్దు" అంటున్నారు. అన్నయ్యకు డిగ్రీ రెండో ఏడు చదివే కొడుకు, ఇంటర్ చదివే కూతురు ఉన్నారు.

ఆవిడ అడిగినవి ఇవి: "నా అభిప్రాయం తప్పా? తప్పయితే ఇన్నేళ్లూ కళ్లతో చూసిందంతా ఏమిటి? వదిన ముఖం ఎలా చూడాలి? అమ్మకు ఏమని చెప్పాలి?"

అమ్మా, మీ కోపంతోనే మొదలుపెడతాను. ఎందుకంటే అభిప్రాయం పుట్టింది అక్కడే. కొద్దిమందిని చూసుకోవాల్సిన నర్సు నలభై మందిని చూసుకుంటూ, పైగా తిట్లు కూడా పడుతుంటే కోపం రాకుండా ఎలా ఉంటుంది? ఆ కోపం వచ్చినందుకు మీరు దయలేని మనిషి అయిపోలేదు. మీరు చూసింది అబద్ధమూ కాదు. అయితే ఆ కోపంలో రెండు బాధలు కలిసిపోయి ఉన్నాయి. మంచాలూ, చేతులూ చాలకపోవడం ఒకటి. ఆ మంచం మీదున్నవాడు తన చేతులతో తానే తెచ్చుకున్నాడన్న ఉక్రోషం ఇంకొకటి. డెంగీ కుర్రాడు వరండాలో పడుకోవడానికి కారణం మొదటిది. మీరు చూపుతున్న మందు రెండోదానికి. బిల్లు వేసినంత మాత్రాన వార్డులో ఒక్క మంచం కూడా పెరగదు.

సరే, మీరు కోరినట్టే రేపటి నుంచి బిల్లు వేస్తారనుకుందాం. ఆ కాగితం ఎవరి చేతికి వెళ్తుందో మీ వార్డులోనే ఊహించి చూడండి. మంచం మీదున్న మనిషికి పని చేసే ఓపిక పోయి నెలలవుతోంది. కొంతమందికి ఏ రోజో, ఏ ఊరో కూడా తెలియని మత్తు. కాగితం ఫ్లాస్కు పట్టుకుని నిలబడిన మనిషి చేతికే వెళ్తుంది. ఆవిడ మెళ్లో గొలుసు ఉంటే తాకట్టులోకి పోతుంది. ఇంకేమీ లేకపోతే కూతురి ఫీజు ఆగిపోతుంది. తాగినవాడికి బుద్ధి రావాలని మీరు అన్నారు. కానీ ఆ బిల్లు తాగినవాడి దాకా చేరదు, తాగుడు వల్ల అప్పటికే అందరికంటే ఎక్కువ నష్టపోయిన మనిషి దగ్గరే ఆగిపోతుంది. మీ అభిప్రాయంతో నేను విభేదించేది ముఖ్యంగా ఇక్కడే.

ఇంకో సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. కొత్త పేషెంటు రాగానే మీరు అడిగే మొదటి ప్రశ్నల్లో తాగుడు అలవాటు ఉందా, ఎంత, ఆఖరిసారి ఎప్పుడు అన్నవి ఉంటాయి. ఆ జవాబు మీద ఒక ప్రాణం ఆధారపడి ఉంటుంది. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానితే మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులు గడిచేసరికి చేతులు వణికి, లేనివి కనిపించి, మంచం దిగి పరుగెత్తే స్థితి కూడా రావచ్చు. ముందే తెలిస్తే దానికి తగ్గ మందులు మొదలుపెడతారు. గ్లూకోజ్ ఎక్కించే ముందు థయమిన్ (బి1 విటమిన్) ఇవ్వాలన్న జాగ్రత్త కూడా ఆ జవాబును బట్టే తీసుకుంటారు. ఇప్పుడు ఆ జవాబుకు ఒక ధర కట్టండి. "తాగుతాను" అంటే పదిహేను వేలు, "అలవాటు లేదు" అంటే ఉచితం. మీ కేస్ షీట్‌లో నిజం ఎన్నాళ్లు నిలుస్తుంది? భార్య అబద్ధం చెబుతుంది, కొడుకు చెబుతాడు, జాలిపడిన డ్యూటీ డాక్టరు కూడా రాయకుండా వదిలేస్తాడు. రెండో రాత్రి ఆ మనిషికి ఫిట్స్ వస్తే పరుగెత్తాల్సింది మీరే.

ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు. ప్రైవేటు ఆరోగ్య బీమాలో ఈ పద్ధతి ఇప్పటికే ఉంది. మద్యం, మత్తుపదార్థాల వ్యసనానికీ, దాని వల్ల వచ్చే సమస్యలకూ చేసే చికిత్స పాలసీల మినహాయింపుల్లో ఉంటుంది. అందుకే కార్పొరేట్ ఆసుపత్రుల్లో అడ్మిషన్ దగ్గర బంధువులు "సార్, తాగుడు సంగతి రాయకండి" అని బతిమాలుతుంటారు. ఆ అలవాటు మీ వార్డుకు వస్తే నష్టపోయేది పేషెంటూ, నర్సూ ఇద్దరూ.

డబ్బు భయం ఇంకో పని కూడా చేస్తుంది. మనుషులు ఆలస్యంగా వస్తారు. అమెరికాలో 1970ల నుంచి 80ల మొదటి వరకూ రాండ్ అనే పరిశోధన సంస్థ ఒక పెద్ద ప్రయోగం చేసింది. కొన్ని కుటుంబాలకు వైద్యం పూర్తిగా ఉచితం, మిగతావి ఖర్చులో కొంత వాటా కట్టుకోవాలి. వాటా కట్టాల్సినవాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గించారు. అయితే అనవసరంగా వెళ్లడం ఎంత తగ్గిందో, అవసరమై వెళ్లాల్సిందీ అంతే తగ్గింది. మన దగ్గర ఇది ఎలా జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. కాళ్లవాపు వచ్చినప్పుడే రావాల్సిన మనిషి, నాటువైద్యుడి దగ్గర కామెర్లకు పసరు పోయించుకుని, ఇంట్లోనే ఇరవై రోజులు పడుకుని, చివరికి రక్తం కక్కుతూ ఆటోలో వస్తాడు. అప్పుడు అతనికి రక్తం ఎక్కించాలి, ఎండోస్కోపీ చేయాలి. వైద్యానికి ఖర్చు పెరుగుతుంది, బతికే అవకాశం తగ్గుతుంది.

ఇక చేజేతులా తెచ్చుకున్న జబ్బు అని ఎవరు తేల్చాలి? మీ అమ్మగారికి షుగర్ ఉందనీ, మీ ఆసుపత్రిలోనే మందులు తీసుకుంటారనీ, పండక్కి బొబ్బట్లు మానరనీ మీరే ఒకచోట రాశారు. ఆవిడకు బిల్లు వేయాలని మీకు ఎప్పుడూ అనిపించలేదు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన సర్వే లెక్కలు 2023లో వచ్చాయి. దేశంలో దాదాపు 10 కోట్ల మందికి మధుమేహం ఉందని వాటిలో తేలింది. మూడు పూటలా తెల్లన్నం, వంశపారంపర్యం, తల్లి కడుపులో ఉన్నప్పుడు అందని పోషణ, కూర్చుని చేసే పని, వీటిలో ఎంత భాగం ఆ మనిషి తప్పు? ఏళ్ల తరబడి నైట్ డ్యూటీలు చేసేవాళ్లకు షుగర్ వచ్చే ప్రమాదం ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. రేపు మీకు షుగర్ వస్తే, నైట్ డ్యూటీ మీరు ఎంచుకున్న జీవనశైలి అని ఎవరైనా బిల్లు చేతిలో పెడితే ఒప్పుకుంటారా?

ఉద్దానం సంగతి చూడండి. శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి, జీడి తోటల మధ్య ఉన్న ఆ ఊళ్లలో ఇన్నేళ్లుగా కిడ్నీలు పాడై మనుషులు చనిపోతున్నారు. నీళ్లు, ఎండలో పని, నొప్పి మాత్రలు, పురుగుమందులు, ఇలా ఎన్నో కారణాలు అనుకున్నారు. ఎంతమంది శాస్త్రవేత్తలు వెళ్లినా ఇదే కారణం అని ఇప్పటికీ తేలలేదు. అలవాట్లకు బిల్లు వేసే పద్ధతి మనకు ఉండి ఉంటే, ఎవరో ఒక గుమస్తా "మీరు నొప్పి మాత్రలు మింగారు, డయాలసిస్ ఖర్చు మీదే" అని ఆ ఊళ్ల మీద రాసి పారేసేవాడు. ఎండలో ఒళ్లు హూనమయ్యే కూలీ నొప్పి మాత్ర ఎందుకు మింగాడని ఎవరూ అడిగేవారు కాదు.

మద్యం మాత్రం వేరు, అది ఎవరూ బలవంతంగా పోయరు కదా అని మీరు అనవచ్చు. అందులో కొంత నిజం ఉంది. మరి ఆ సీసా అమ్మింది ఎవరు? మన రాష్ట్రంలో 2019 అక్టోబరు నుంచి 2024 అక్టోబరు వరకూ మద్యం దుకాణాలను ప్రభుత్వమే నడిపింది. కౌంటరులో ఉన్నది ప్రభుత్వం పెట్టుకున్న సిబ్బంది. ఆ తర్వాత దుకాణాలు మళ్లీ ప్రైవేటువాళ్ల చేతికి వచ్చాయి, 99 రూపాయలకు క్వార్టర్ సీసా వచ్చింది. ఎవరు నడిపినా సీసా ధరలో పెద్ద వాటా పన్ను రూపంలో ఖజానాకే పోతుంది. మీ అన్నయ్య తాగిన ప్రతి సీసాకూ ఆ వాటా కట్టేశారు. అమ్మేటప్పుడు పన్ను తీసుకున్న ప్రభుత్వం, జబ్బు చేశాక మళ్లీ ఆసుపత్రిలో బిల్లు వేస్తే ఒకే మనిషి దగ్గర రెండుసార్లు వసూలు చేసినట్టే. ఆ పన్నులో కొంతయినా మీ వార్డుకు మంచాలుగా, నర్సులుగా తిరిగి రావడం లేదే అని మీరు కోప్పడితే ఆ కోపం సరైన చోటికే పోతుంది.

ధర పెంచితే, దొరక్కుండా చేస్తే మానేస్తారన్న వాదన కూడా పూర్తిగా తీసేయదగ్గది కాదు. ధర పెరిగితే కొత్తగా మొదలుపెట్టేవాళ్లు, అప్పుడప్పుడు తాగేవాళ్లు తగ్గుతారు. కానీ బానిసైనవాడి సంగతి వేరు. 2020లో ప్రకాశం జిల్లా కురిచేడులో లాక్‌డౌన్ వల్ల మద్యం దుకాణాలు మూసేస్తే శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. ప్రాణం పోతుందన్న భయమే ఆపలేని మనిషిని ఆసుపత్రి బిల్లు ఆపుతుందా?

మీ అభిప్రాయంలో నిలబడే భాగం కూడా ఉంది, దాన్ని దాటేయను. కాలేయ మార్పిడి లాంటి చోట, ఒక్క అవయవం కోసం ఎంతోమంది ఎదురుచూస్తున్నప్పుడు, తాగుడు మానాడా లేదా అని చూడటం న్యాయమే. ఆరు నెలలు మానితేనే అన్న నియమం చాలా కేంద్రాల్లో ఉండేది, ఇప్పుడు కొన్నిచోట్ల సడలిస్తున్నారు. ఆ నియమం పాత తప్పుకు శిక్షగా పెట్టింది కాదు, కొత్త కాలేయం నిలుస్తుందా అని చూడటానికి పెట్టింది. సింగపూర్‌లో 2021 డిసెంబరు నుంచి, అవకాశం ఉండీ కోవిడ్ టీకా వేయించుకోనివాళ్ల చికిత్స బిల్లు వాళ్లనే కట్టమన్నారు. ఉచితంగా ఇచ్చే టీకా కోసం ఒకరోజు వెళ్లి రావడం దాదాపు ఎవరి చేతిలోనైనా ఉన్న పని కాబట్టి అక్కడ వాదనకు కాస్త బలం ఉంది. ఇరవై ఏళ్ల వ్యసనం అలాంటిది కాదు. జర్మనీ చట్టం పచ్చబొట్టు, పియర్సింగ్, అందం కోసం చేయించుకున్న ఆపరేషన్లు వికటిస్తే రోగి ఖర్చులో వాటా భరించాలంటుంది. తాగుడునూ, పొగనూ మాత్రం ఆ జాబితాలో చేర్చలేదు.

మన నేల మీద ఈ ప్రశ్నకు జవాబు చెప్పిన ఆడవాళ్లు ఉన్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మా, ఆమెతో ఉన్న ఆడవాళ్లూ సారా కొట్టు మూయించారు. చదువుకునే తరగతుల్లో కూర్చుని మాట్లాడుకుంటూ మొదలైన ఆ కదలిక జిల్లాలు దాటి పాకింది. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. మొగుళ్ల తాగుడు వల్ల వాళ్లు పడ్డ బాధ మీ వార్డులో కనిపించేదానికంటే తక్కువేమీ కాదు. అయినా వాళ్లు ఆసుపత్రి మీదికి పోలేదు, సారా అమ్మే చోటికి పోయారు.

కాబట్టి మీరు ఇన్నేళ్లు చూసింది నిజమే, దాని నుంచి తీసిన తీర్పు మాత్రం తప్పు మనిషి మీద పడిందని నేను అనుకుంటున్నాను. నా మాటతో మీరు ఏకీభవించకపోయినా ఫరవాలేదు. అభిప్రాయం మార్చుకుంటే తప్ప వదినతో మాట్లాడలేనని మాత్రం అనుకోవద్దు. అవి రెండు వేర్వేరు పనులు.

వదిన దగ్గరికి వెళ్లినప్పుడు "నేను మీ గురించి అనలేదు, పక్క మంచం వాళ్లను అన్నాను" అని మొదలుపెట్టకండి. అది నిజమే అయినా, తన భర్తా ఆ మాట కిందికే వస్తాడని ఆవిడకు తెలుసు. సంజాయిషీ ఎంత పొడుగైతే ఆవిడకు అంత దూరమవుతారు. యూనిఫాం లేనప్పుడు, వార్డుకు బయట, అమ్మ పక్కన లేనప్పుడు వెళ్లండి. "వదినా, ఆ మాట నేను అనకూడదు. నువ్వు అక్కడున్నావని కాదు, అసలు ఆ వార్డులో నేను ఆ మాట అనకూడదు" అని రెండు ముక్కలు చెప్పి ఆగండి. ఆవిడ ఏమీ అనకపోవచ్చు, లేచి వెళ్లిపోవచ్చు కూడా. క్షమించానని చెప్పించుకోవాలని చూడొద్దు.

మీరు ఊహించని జవాబు కూడా రావచ్చు. తాగొచ్చిన మనిషికి ఇన్నేళ్లు అన్నం పెట్టిన ఆవిడ మనసులో ఆ మాట ఎన్నిసార్లు మెదిలి ఉంటుందో! మొగుడు మంచాన పడ్డాక అలా అనుకునే హక్కు కూడా ఆడదానికి ఉండదు. మీరు పైకి అనేసరికి అందరి ముందూ తన సంసారం బయట పడినట్టయింది. ఆవిడ తన కోపం మీ ముందు బయటపెడితే "అన్నయ్యను అలా అనకు వదినా" అని అడ్డుపడకుండా వినండి.

ఇక అమ్మ అడిగేది. విజయవాడ తీసుకెళ్తే ఏం జరుగుతుందో ఆవిడకు తెలియదు, మీకు తెలుసు. పొట్టలో నీరు తీయడం, మూత్రం ఎక్కువయ్యే మందులు, ఉప్పు తగ్గించడం, రక్తనాళాలు ఉబ్బితే ఎండోస్కోపీలో బ్యాండ్లు వేయడం, ఇన్‌ఫెక్షన్ రాకుండా చూడటం, పూర్తిగా తాగుడు మాన్పించడం. మార్పిడి దాకా వెళ్లకపోతే ప్రైవేటులోనూ వైద్యం చాలావరకూ ఇదే. ఈ దశలో కూడా మానేసినవాళ్లలో కొంతమంది కాలేయం ఆశ్చర్యపోయేంత తేరుకుంటుంది. దానికి కావాల్సింది ఏసీ గది కాదు.

అందుకని మీ ముందు మూడు దారులు ఉన్నాయని నాకనిపిస్తోంది. అమ్మ మాట విని లోను తీసుకుని ప్రైవేటుకు తీసుకెళ్లవచ్చు. అమ్మకు ఊరట, ఊళ్లో మాట రాదు. కానీ మూడు లక్షలు అయ్యాక నాలుగో లక్ష అడుగుతారు, అప్పుడు మధ్యలో ఆపడం మొదట్లో వద్దనడం కంటే కష్టం. మీ ఇంట్లో భార్యాభర్తల మధ్య ఈ అప్పు చాలాకాలం నానుతుంది. భర్త అన్నట్టు ఏమీ ఇవ్వకుండా ఉండవచ్చు. డబ్బు మిగులుతుంది, కానీ అన్నయ్యకు ఏమైనా అయితే "చెల్లెలు నర్సయి ఉండీ" అనే మాట మీ చెవుల్లో మోగుతూనే ఉంటుంది, ఎవరూ అనకపోయినా సరే. మూడోది నాకు మేలనిపిస్తోంది, అయినా మీ జీతం, మీ ఇంటి పరిస్థితి మీకే తెలుసు. ఆసుపత్రికి కాకుండా, మేనకోడలి ఇంటర్ ఫీజుకు ఒక నికరమైన మొత్తం మీరు ఇవ్వడం. వైద్యం ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో కాలేయ జబ్బులు చూసే గ్యాస్ట్రో విభాగానికి రిఫర్ చేయించి అక్కడే నడిపించడం. జనం ఇంకా ఆరోగ్యశ్రీ అనే పిలిచే ఎన్టీఆర్ వైద్య సేవలో ఏ చికిత్సలు వర్తిస్తాయో ఆరోగ్యమిత్రను అడిగి రాతపూర్వకంగా తెలుసుకోవడం. ఆ ఫీజు మొత్తం ఎంతో ముందు మీ భర్తతో తేల్చుకుని, తర్వాతే అమ్మకు చెప్పండి. "మాకు ఓపిక ఉన్నది ఇంత అమ్మా, దీన్ని పిల్లల చదువుకు పెడుతున్నాం" అన్నప్పుడు ఆవిడ ఏడుస్తుంది. ఏడ్చినంత మాత్రాన మీరు తప్పు చేసినట్టు కాదు.

మానితేనే సాయం చేస్తానని అన్నయ్యకు షరతు పెట్టాలా అని కూడా మీకు అనిపించవచ్చు. పిల్లల ఫీజుకు ఆ షరతు కట్టొద్దు, ఆయన తాగితే వాళ్లు చదువు మానాల్సి వస్తుంది. ఆయన చికిత్సలో మాత్రం డీఅడిక్షన్, అంటే తాగుడు మాన్పించే వైద్యం, ఒక భాగం కావాలని గట్టిగా అడగవచ్చు. నీరు తీసి పంపేయడంతో వైద్యం అయిపోదని మీరే రాశారు, మళ్లీ అదే మనిషి వస్తున్నాడని. రాకుండా ఉండాలంటే డిశ్చార్జికి ముందే సైకియాట్రీ వాళ్లు ఆయన్ని చూడాలి. కాలేయం చెడినవాళ్లకు మానిపించే మందులన్నీ సరిపడవు కాబట్టి ఏది ఇవ్వాలో వాళ్లూ, గ్యాస్ట్రో డాక్టరూ కలిసి తేల్చాలి. వ్యసనం మానాలనుకునేవాళ్ల కోసం 14446, మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి టెలి మానస్ 14416 నంబర్లు ఉన్నాయి. రెండోది మీకూ, వదినకూ కూడా పనికొస్తుంది.

డ్యూటీ సంగతి ఆలస్యం చేయకండి. ఆయన ఉన్నన్నాళ్లూ వేరే వార్డు ఇవ్వమని హెడ్ నర్సును అడగండి, కుదరకపోతే కనీసం ఆయన మంచం వేరేవాళ్లకు అప్పగించమనండి. చెల్లెలిగా విజిటింగ్ టైములో వెళ్లండి. ఆయన రిపోర్టులు చూసి అమ్మకు ఫోన్లో చెప్పే పని పెట్టుకోవద్దు, ఏది ఎవరికి చెప్పాలో ఆయనా, వదినా, డాక్టరూ తేల్చుకుంటారు. మీరు నర్సుగా ఆ మంచం దగ్గర లేనప్పుడే అన్నయ్య మీతో తాగుడు గురించి నిజం మాట్లాడే వీలుంటుంది.

ఒక మాట ఇంట్లో ఎవరూ అనకముందే మీరు తెలుసుకోవాలి. మార్పిడి అన్న మాట వస్తే బతికున్న దాత కోసం ముందు ఇంట్లోవాళ్ల వైపే చూస్తారు. చట్టం ప్రకారం తోబుట్టువులు, భార్య, పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లలు ఇవ్వవచ్చు. అంటే మీరు, వదిన, ఆ డిగ్రీ చదివే కుర్రాడు. అమ్మ కన్నీళ్ల ముందు ఆ కుర్రాడు కాదనలేడు. దాతకూ అది పెద్ద ఆపరేషనే, ప్రమాదం తక్కువే కానీ లేకపోలేదు. దాతతో డాక్టర్లు ఒంటరిగా మాట్లాడాలనీ, ఇష్టం లేదంటే ఆ సంగతి కుటుంబానికి చెప్పకుండా దాత పనికిరారని మాత్రమే చెప్పమని అడగవచ్చనీ మీ మేనల్లుడికి ముందే చెప్పి ఉంచండి. మీ విషయంలో కూడా ఇదే వర్తిస్తుంది. ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, ఇవ్వలేననిపిస్తే ఆ మాట అమ్మకు కాకుండా ముందు డాక్టరుకు చెప్పండి.